ఏడుపుకు మందు

గుడివాడలో ఈమధ్య ఒక రైస్ మిల్లు యజమాని నేనిచ్చిన సీసాను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "తాడేదండీ?" అన్నారు.

"ఏం తాడండీ?"

"పసుపు తాడండీ. సీసా మెడకి కడతారు కదా. తాడు లేకపోతే మా వాళ్ళు గేర్‌బాక్సులో పొయ్యరండీ. అనుమానం వాళ్ళకి."

నేను లేబులు చూపించాను. లోపల ఏమున్నదీ, ఎంత నూనెకి ఎంత కలపాల్సిందీ మా కంపెనీవాళ్ళు తెలుగులో కూడా అచ్చు వేయించారు. ఆయన లేబులు వైపు చూడలేదు. సీసాను బల్ల మీద పెట్టేసి, "పాపం, ఆయన మర్చిపోకుండా కట్టేవారండీ. అలాంటి మనిషి మళ్ళీ రాడు," అన్నారు.

మళ్ళీ రావడం సంగతి తర్వాత, అసలు వెళ్తే కదా! పోయి నెల దాటింది. నేను తెచ్చిన సీసాకి ఇంకా ఆయన తాడే కావాలట. ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్తూ బజార్లో ఆగి పసుపు తాడు ఉండ ఒకటి కొన్నాను. మండుతూనే కొన్నాను.

ఆయనదీ నాదీ ఒకటే పని. యంత్రాల నూనెల్లో కలిపే ఎడిటివ్‌లూ, ఇనుముకీ చెక్కకీ ఉప్పుగాలి తగలకుండా పూసే కోటింగులూ అమ్మడం. కంపెనీలు వేరు, తిరిగే దారులు ఒకటే. గుడివాడ చుట్టూ రైస్ మిల్లులు, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు, దివిసీమలో ఐసు ఫ్యాక్టరీలు, బందరులో పడవలు. నేను ఎక్కడికి వెళ్ళినా ఆయన అంతకుముందే వచ్చి వెళ్ళేవాడు, లేకపోతే నా వెనకే వచ్చేవాడు. ముందొస్తే నా బేరం కుదిరేది కాదు. వెనకొస్తే కుదిరిన బేరం చెడేది.

నాకాయనంటే కుళ్ళు. దీన్ని ఇంకాస్త మర్యాదగా చెప్పే మాట ఉండే ఉంటుంది, నాకు అక్కర్లేదు. మనిషి పోయాడు కదా అని కుళ్ళు కూడా పోవాలంటే ఎలా? అది నాది, ఆయనది కాదు.

కుళ్ళుకోవడానికి కారణం లేదంటారా? నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఆయన బీయస్సీ, అది కూడా దండయాత్రల మీద దండయాత్రలు చేసి గట్టెక్కానని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. నేను ఇస్త్రీ చొక్కాతో, చెప్పిన టైముకి, లాప్‌టాప్ సంచితో వెళ్తాను. ఆయన చెప్పిన పూట కాకుండా ఇంకో పూట, జేబు దగ్గర నూనె మరకున్న చొక్కాతో ఊడిపడేవాడు. పైగా గేటులోంచే కేక. "బావా, ఉన్నావా? టీ పెట్టించు, మందు తెచ్చాను!"

మందు. ఆ ఒక్క మాటతో మూడు మండలాలు కొట్టేశాడు. మన వైపు మందు అంటే ఎన్ని రకాలని! ఆస్పత్రిలో ఇచ్చేది మందు, పొలంలో కొట్టేది మందు, చెరువులో చల్లేది మందు, పొద్దుపోయాక సోడా కలిపేది మందు. ఎడిటివ్‌ని కూడా ఈయన ఆ జాబితాలో కలిపేశాడు. "లోపల మురికి కడిగేది సుఖ విరేచనం మాత్రండీ. నురగ తగ్గించేది గ్యాసు బిళ్ళ. తుప్పు రాకుండా వేసేది టీకా. అరుగుదల తగ్గించేది మోకాళ్ళ తైలం," అని మిల్లులో గుమాస్తా దగ్గర్నుంచి బస్తాలు మోసేవాళ్ళ దాకా అందరికీ పాఠం చెప్పేవాడు. అరుగుదల తగ్గించేది తైలం కాదు. వేడికీ ఒత్తిడికీ లోహం మీద పలచటి పొరగా ఏర్పడి, లోహానికి బదులు తాను అరుగుతుంది. ఈ సంగతి నేను ఆ మిల్లులోనే బొమ్మలు వేసి మరీ చెప్పాను. యజమాని మర్యాదగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించారు.

మా ఆవిడ మాత్రం ఒక్కమాటలో తేల్చేసింది. "ఆయన నూనెకి కాదండీ, మనుషులకి పెడుతున్నాడు మందు." మంత్రించిన మందు పెట్టి మనుషుల్ని తనవైపు తిప్పుకోవడం ఉంటుందే, అది అన్నమాట. కెమిస్ట్రీ చదివినవాణ్ణి కాబట్టి నమ్మలేదు. లేకపోతే నమ్మేవాణ్ణే.

ఆయన దగ్గర ఒక పొడుగు స్క్రూడ్రైవరు ఉండేది. ఎర్ర పిడి, పిడి మీద పళ్ళగాట్లలాంటి గీతలు. నడుస్తున్న మిషన్ మీద దాని మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. బేరింగ్ లోపలి చప్పుడు అలా వినపడుతుంది. అందులో వింతేమీ లేదు, మెకానిక్‌లందరూ చేసేదే. ఆయన చేసే అసలు పని ఆ తర్వాతది. కళ్ళు తెరిచి, మొహం చిన్నబుచ్చుకుని, "ఏడుస్తోంది బావా," అనేవాడు. వెంటనే పిడి యజమాని చెవికి పెట్టేవాడు. "విను. పిల్లలా ఏడవట్లేదూ?"

ఆ మాట విన్నాక ఎవడికి వినపడదు? మిల్లులో ఉన్నవాళ్ళందరూ వరసగా వచ్చి వినేవాళ్ళు. అందరికీ జాలేసేది. నేను ఇంచక్కా నూనె శాంపిలు ల్యాబ్‌కి పంపించి రిపోర్టు తెప్పిస్తే ఆ కాగితం మీద పకోడీలు పెట్టుకు తిన్నారు. ఈయన ఏడుస్తోందంటే మాత్రం మిల్లు మొత్తం ముక్కు చీదింది.

ఒక్క విషయం ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయినా. బేరింగ్ మరీ అరిగిపోయి ఉంటే అమ్మడు. స్క్రూడ్రైవరు సంచిలో పెట్టేసుకుని, "దీనికి మన దగ్గర మందు లేదు. కొత్తది వేసుకో," అనేసేవాడు. ఆ మాట ఆయనకి ఊతపదం. మోకాలు నొప్పి అన్నవాడికీ, అల్లుడు మాట వినట్లేదన్నవాడికీ, పవర్‌కట్టుకీ అన్నిటికీ అదే. "దీనికి మన దగ్గర మందు లేదు బావా."

నన్ను మాత్రం బావా అనేవాడు కాదు. "సైంటిస్టు గారూ" అనేవాడు. అందరిముందూ, గౌరవంగా. ఆ గౌరవంలో సూది ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

కృత్తివెన్ను చెరువు సంగతి చెప్పకపోతే ఆయన బొమ్మ పూర్తి కాదు. నాకు చెప్పబుద్ధి కాదు గానీ చెప్తాను.

అక్కడ ఒక రొయ్యల చెరువు యజమానికి ఏరేటర్లు, అదే నీటిని చిలికి గాలి కలిపే చక్రాల మిషన్లు, చప్పుడు చేస్తున్నాయి. ఈయన వెళ్ళి విన్నాడు, ఏడుస్తున్నాయన్నాడు, సీసాలు తీసి కాపలా అతని చేతిలో పెట్టి, "పొద్దున్నే మందు పొయ్యండి," అని చెప్పి బస్సుకి టైమైందని పరుగెత్తాడు. ఎందులో పొయ్యాలో చెప్పలేదు. కాపలా అతను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెరువుల దగ్గరే ఉన్నాడు. అతనికి మందంటే చెరువులో పోసేదే. తెల్లారగానే గట్టు మీద నడుచుకుంటూ సీసాలన్నీ శ్రద్ధగా నీళ్ళలో ఒంపాడు. ఎండెక్కేసరికి చెరువు మీద ఇంద్రధనుస్సు రంగులు తేలాయి.

యజమానికి ఆయన ఫోన్ దొరక్క నాకు చేశాడు. "మీదీ అదే లైను కదండీ, కాస్త వచ్చి చూడండి, కొంప మునిగేలా ఉంది." అయ్యో పాపం అన్నాను. బండి తీశాను. దారి పొడుగునా నాకు పండగలా ఉంది. మందు, మందు అని ఊరేగావు కదా, అనుభవించు. ఇక ఈ పక్క ఆయన మొహం ఎవడు చూస్తాడు?

తీరా వెళ్ళేసరికి ఆయన, ఎవరి ద్వారా తెలిసిందో గానీ, నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. నడుం లోతు నీళ్ళలో, బనీనుతో. నూనె కిందికి కలవకుండా ఆ పక్క ఏరేటర్లు ఆపించాడు. వరిగడ్డిని లావుపాటి తాళ్ళలా పేనించి, గాలి ఏ మూలకి నూనెని తోస్తోందో చూసుకుని, ఇటు నలుగురు అటు నలుగురు పట్టుకుని ఆ గడ్డి తాడు నీటి మీద లాగుతున్నారు. నూనె పట్టిన గడ్డి గట్టుకి, మళ్ళీ కొత్త గడ్డి నీళ్ళలోకి.

నేను గట్టు మీద నిలబడి, నూనె పొర వల్ల నీటిలోకి గాలి ఎలా అందకుండా పోతుందో యజమానికి వివరించాను. అతను నా మాట వింటూనే ఆయన చేతికి టీ గ్లాసు అందిస్తున్నాడు.

"సైంటిస్టు గారూ, బూట్లు విప్పి దిగండి. ఒక చెయ్యి తక్కువైంది," అన్నాడు నీళ్ళలోంచి.

దిగాను. మధ్యాహ్నం దాటేదాకా లాగాను. నా ప్యాంటూ అంతే తడిసింది, నా చేతులకీ గడ్డి అంతే కోసుకుంది. ఆ సంగతి తర్వాత ఒక్కరు కూడా చెప్పుకోలేదు.

రొయ్య దక్కింది. యజమాని కళ్ళు తుడుచుకుని, "తప్పు చేసినోడే దిగి తీస్తే ఇంకేమంటామండీ," అన్నాడు. అనడమే కాదు, తన బావమరుదుల చెరువులు కూడా ఆయనకే అప్పగించాడు. నేను ఇన్నేళ్ళుగా ఒక్క తప్పు లేకుండా అమ్మినా రాని పేరు, ఆయనకి తప్పు చేస్తే వచ్చింది. చెప్పండి, కుళ్ళు రాదా?

ఆ తర్వాత మొదలయ్యాయి పసుపు తాళ్ళు. మిషన్‌లో పోసే ప్రతి సీసా మెడకీ ఒక పసుపు తాడు ముడేసి ఇచ్చేవాడు. "ఇది మిషన్‌కి కట్టబెట్టిన పిల్లండీ. చెరువు గట్టు మీద నడిచినా తల తిప్పి చూడదు." కాపలావాళ్ళు కూడా పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి ఏ చెరువులోనూ నూనె పడలేదు. సముద్రం ఒడ్డు నుంచి గుడివాడ దాకా తాడు లేని సీసా అంటే అందరికీ అనుమానమే.

ఇవన్నీ బేరాలు. బేరాల దగ్గర ఒకడు పైకొస్తే ఒకడు కిందికి పోతాడు, సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేనిది మా నాన్న దగ్గర.

మాది బందరు పక్క గిలకలదిండి. నాన్న పడవ మనిషి. వేసవిలో చేపల వేట నిషేధం వచ్చినప్పుడు పడవలన్నీ ఒడ్డుకి లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకి, రంగులు వేస్తారు. నేను కోటింగుల కంపెనీలో చేరినప్పుడు నాకున్న కోరిక ఒక్కటే. మా నాన్న పడవకి నేను తెచ్చిన రంగు వెయ్యాలి. నాన్న దాన్ని చేత్తో నిమిరి, బాగుందిరా అనాలి. మొదటి నిషేధం రాగానే ప్రైమరూ, అడుగున గుల్లలు పట్టకుండా వేసే రంగూ ఆటోలో వేసుకుని వెళ్ళాను.

పడవకి అప్పటికే రంగు వేస్తున్నారు. ఆయన, మా నాన్న పక్కన పీట మీద కూర్చుని, అరచెయ్యి పడవ పక్కకి ఆనించి కబుర్లు చెబుతున్నాడు. "బాబాయ్, ఈ చెక్క ఎక్కడిది? ఈ అతుకు ఎప్పుడేశారు? మొన్న తుఫానుకి ఎటుపక్క దెబ్బ తగిలింది?" నాన్న చెప్తున్నాడు. నాతో రోజంతా కూర్చున్నా పది మాటలు మాట్లాడని మనిషి, చేతులు తిప్పుతూ, నవ్వుతూ, పడవ పుట్టుక దగ్గర్నుంచి చెప్తున్నాడు. నన్ను చూసి, "వచ్చావా? కూకో," అన్నాడు. అంతే.

బాబాయ్ అట! గుడ్లవల్లేరులో బడి పంతులుగారి కొడుకు, మా నాన్నకి ఏ వరసన అబ్బాయి అయ్యాడు?

నా డబ్బాలు అరుగు మీదే ఉండిపోయాయి. వృథా కాకూడదని నాన్న వాటితో ఇంటి గేటుకి రంగు వేయించాడు. ఆ గేటుకి ఇప్పటి వరకూ తుప్పు పట్టలేదు. సముద్రపు గాలికి వీధిలో గేట్లన్నీ పెచ్చులూడుతుంటే మాది మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా నాన్న ఆ గేటు గురించి మాట్లాడలేదు. గడియ తీసి లోపలికి వెళ్తాడు, గడియ వేసి బయటికి వస్తాడు.

ప్రతి నిషేధానికీ అదే తంతు. ఒకసారి తెగించి అడిగాను. "నా రంగు మంచిది నాన్నా. వాళ్ళ దానికన్నా మంచిది. పరీక్షలు చేసి చూపిస్తాను."

"మంచిదేలేరా," అన్నాడు నాన్న. "ఆ అబ్బాయి ఏస్తానన్నాడు గదా. మళ్ళీ బాధపడతాడు."

నేను బాధపడనని ఎలా తెలుసో.

ఇదంతా ఆయనకి తెలుసా? తెలుసు. రెండేళ్ళ కిందట చల్లపల్లిలో బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర ఒకసారి ఎదురుపడ్డాం. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు ఇద్దరు మాతో ఉన్నారు. మాటల మధ్యలో ఆయన సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, ఉన్నట్టుండి మొన నా చొక్కా జేబు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏడుస్తోందండీ సైంటిస్టు గారూ," అన్నాడు.

అందరూ నవ్వారు. మనలో ఏడుపంటే ఏడుపొక్కటే కాదు కదా. పక్కవాణ్ణి చూసి ఏడ్చేది కూడా ఏడుపే. ఆయన ఏ అర్థంలో అన్నాడో అర్థం కానంత వెర్రివాణ్ణి కాదు నేను. "అయితే మందు పొయ్యండి," అన్నాను, నవ్వు పులుముకుని.

ఆయన నవ్వలేదు. నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "దీనికి మన దగ్గర మందు లేదండీ," అని, నా టీకి కూడా కలిపి డబ్బులిచ్చి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు నిషేధం రాకముందే, ఆ చల్లపల్లిలోనే, బస్సు దిగి నడుస్తూ కూలబడ్డాడట. గుండె. గుడ్లవల్లేరు వెళ్ళాను. ఇంటిముందు జనం షామియానాలో పట్టలేదు. మిల్లుల వాళ్ళు, చెరువుల వాళ్ళు, ఐసు ఫ్యాక్టరీల వాళ్ళు. ఎవరిని చూసినా నాకు కస్టమరు కావాల్సి తప్పిపోయినవాళ్ళే. కృత్తివెన్ను కాపలా అతను గోడకి చేరబడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

జనంలో తలపాగా తువ్వాలుతో మా నాన్న కనపడ్డాడు. బస్సెక్కితే కళ్ళు తిరుగుతాయని నేను గుడివాడలో ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి కూడా రాని మనిషి, బందరులో బస్సెక్కి గుడ్లవల్లేరు వచ్చాడు. అక్కణ్ణుంచి గుడివాడ ఎంత దూరమని? "ఇంటికి రా నాన్నా, పిల్లల్ని చూసి వెళ్దువుగాని," అన్నాను. "మళ్ళీ వస్తాలేరా," అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తాడు ఉండ కొన్న వారానికి నాన్న ఫోన్ చేశాడు. "పడవ ఒడ్డుకి లాగాం. ఆ అబ్బాయి లేడు గదా. నీ డబ్బాలు పట్టుకురా."

లేడు గదా! అయినా వెళ్ళాను. ఎన్నేళ్ళ కోరిక! చొక్కా విప్పి, మనుషులతో పాటు నేనే గీకాను. పాత రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు, అన్నీ ఆయనవే, ఏడాదికొక పొర. గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బాగా వేశాడు, ఏం చేస్తాం. అవన్నీ పోయేదాకా గీకి, ప్రైమరు వేసి, ఆరాక నా రంగు వేశాను. సాయంత్రపు ఎండలో పడవ తళతళలాడింది. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. చెయ్యి ఆనించాడు.

"ఇంజను కూడా ఒకసారి సూడు," అన్నాడు.

ఇంజన్ నూనెలో నా సీసా ఒంపి స్టార్ట్ చేయించాను. నాన్న కేబిన్ కప్పు సందులో చెయ్యి పెట్టి ఏదో లాగాడు. ఎర్ర పిడి స్క్రూడ్రైవరు. "పోయినేడు ఇక్కడే ఒదిలేసి ఎళ్ళాడు. మళ్ళీ ఏడు వచ్చి ఇంటాను, నీ దగ్గరుంచు బాబాయ్, నేను ఇంకోటి కొనుక్కుంటాను అన్నాడు," అని నా చేతికిచ్చాడు. "ఇను."

మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. బేరింగులు వెన్నలో తిరుగుతున్నట్టు తిరుగుతున్నాయి. వంక పెట్టడానికి లేదు.

"ఏడుస్తందా?"

"లేదు నాన్నా. బ్రహ్మాండంగా ఉంది."

నాన్న స్క్రూడ్రైవరు నా చేతిలోంచి తీసుకున్నాడు. తనే చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండో చేత్తో తువ్వాలు కొస కళ్ళకి ఒత్తుకున్నాడు.

"నువ్వు సరిగ్గా ఇనలేదురా," అన్నాడు. "ఏడుస్తంది."

ఇంజన్‌లో ఏమీ లేదు. నాకు తెలుసు, నాన్నకీ తెలుసు. ఎమ్మెస్సీలో చదివినదంతా ఒకసారి వెతుక్కున్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు.

"దీనికి మన దగ్గర మందు లేదు బాబాయ్," అన్నాను.

నాన్న కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తడి కళ్ళతోనే, చేతులు తిప్పుతూ, గట్టిగా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న నన్ను చూసి అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కూడా ఆయనదే.